పలక మనది, తాళపుచెవి ఎవరిది?

ఈ సంవత్సరపు సంచికకు ప్రబంధ సాహిత్యమును గురించి ఏదైనా ఒక వ్యాసము వ్రాసి ఇయ్యవలసినదని సంపాదకవర్గములోని విద్యార్థులు మమ్ములను కోరినారు. సరేనని మాట కూడ ఇచ్చినాము. కాని గత వేసవి సెలవులలో మా ఇంటి సొరుగులో నుండి బయటపడిన ఒక పాత టాబ్లెట్టు పెద్దనామాత్యుని కొంతకాలము ప్రక్కకు జరిపినది. తెలుగు చెప్పుకొను వారికి ఈ యంత్రముల గొడవ ఎందుకని మిత్రులు కొందరు నవ్వినారు. అక్షరము నేడు ఏ పలకమీద నిలిచియున్నదో ఆ పలక ఎవరి అధీనములో ఉన్నదను ప్రశ్న, అక్షరమును నమ్ముకొని బ్రతికెడివారిది కాకపోతే మరెవరిదని మా భావము.

మేము చెప్పబోవుచున్నది నెక్సస్ 7 అను టాబ్లెట్టును గురించి. 2012లో గూగుల్ సంస్థ పేరున, ఆసుస్ సంస్థ తయారీగా అది వెలువడినది. ఏడు అంగుళముల తెర, నాలుగు కోర్ల టెగ్రా 3 ప్రాసెసరు, ఒక గిగాబైటు ర్యాము. మా బంధువులలో ఒకరు గల్ఫ్ నుండి వచ్చుచు తెచ్చి ఇచ్చినారు. పిల్లలు దానిపై కొన్నేండ్లు ఆడుకొన్నారు. తరువాత అది కరెంటు బిల్లుల క్రిందికి చేరినది. మొన్న చార్జి పెట్టి చూడగా తెరపై గీత లేదు, వ్రేలు తాకిన పలుకుచున్నది, బ్యాటరీ రెండు మూడు గంటలు నిలుచుచున్నది. వస్తువునకు వచ్చిన లోటేమియు లేదు. లోటంతయు దాని లోపలి ఏలుబడిలో ఉన్నది. ఆ టాబ్లెట్టుకు అధికారికముగా అందిన చివరి ఆండ్రాయిడు 5.1.1, అది 2015 నాటి మాట. దాని అడుగున ఉన్న లినక్సు కెర్నెలు, అనగా యంత్రమునకును మనము వాడు ప్రోగ్రాములకును నడుమ నిలిచి పెత్తనము చేయు భాగము, అంతకంటెను పాతది. 2011లో వెలువడిన 3.1 వరుసలోనిది.

పాతదైతే నేమి అని అడుగవచ్చును. తొంబది ఏండ్ల క్రిందట అచ్చయిన పుస్తకమును నేడు తెరచినను అది మనలను చదువనిచ్చును. టాబ్లెట్టు సంగతి అట్లు కాదు. ఒక వెబ్‌సైటు తాను తానేనని నిరూపించుకొనుటకు ఒక ధ్రువపత్రమును చూపును. ఆ పత్రముపై సంతకము చేసిన పెద్దమనిషిని మన యంత్రము ఎరిగియుండవలెను. లెట్స్ ఎన్‌క్రిప్ట్ అను లాభాపేక్ష లేని సంస్థ ఉచితముగా ఇచ్చు ధ్రువపత్రములతో కోట్లకొలది వెబ్‌సైట్లు నడుచుచున్నవి. ఆ సంస్థ మూలసంతకమును ఆండ్రాయిడు 7.1.1కు పూర్వపు యంత్రములు ఎరుగవు. వాటి కొరకు మరియొక పాత సంతకమును తోడుచేసి కొన్నేండ్లు నెట్టుకొని వచ్చినారు. ఆ తోడు సంతకపు గడువు 2024 సెప్టెంబరు 30తో తీరిపోయినది. నాటినుండి, తన పెద్దల జాబితాను తానే వెంట మోసుకొని వచ్చు ఫైర్‌ఫాక్స్ వంటి బ్రౌజరు ఉన్నచోట తప్ప, ఇట్టి యంత్రములు అనేక వెబ్‌సైట్ల ముందు నిలిచి "ఇది సురక్షితము కాదు" అని మొరాయించుచున్నవి. కాలును చేయియు బాగుగనే ఉన్నవి. ఊరిలో మాత్రము ఎవరును తెలియకుండ పోయినారు. జాబితాలో ఒక్క పేరు చేర్చిన చాలును. ఆ పేరు చేర్చు అధికారము టాబ్లెట్టు కొనుక్కొన్నవానికి లేదు.

ఇచ్చటనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వారి మాట వినవలసి యుండును. వాడువాడు దాని మూలరచనను చూచుటకు, మార్చుటకు, ఇతరులకు పంచుటకు హక్కు కలిగి యుండవలెనని రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో గ్నూ ప్రణాళికను ప్రకటించినారు. 1991లో ఫిన్లాండు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ తన కెర్నెలును లోకమునకు చూపినారు. ఈ చరిత్ర మా విద్యార్థులలో పలువురికి తెలిసినదే. మనకు దగ్గరలో, హైదరాబాదు కేంద్రముగా పనిచేయుచున్న 'స్వేచ్ఛ' వారు తెలుగులో నడచు ఆపరేటింగు సిస్టమును రూపొందించిన సంగతియు తెలిసినదే. మేము ఆశ్రయించినది 2017లో మొదలైన పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ అను వ్యవస్థను. ఫోను, టాబ్లెట్టు రెండేండ్ల సరకు కారాదు, పదేండ్లు బ్రతుకవలెనని దానిని ప్రారంభించినవారి సంకల్పము. అది ఆల్పైన్ లినక్సు అను మిక్కిలి చిన్న వ్యవస్థపై నిలిచినది. దానియందలి మేలేమనగా, తయారీదారు ఎప్పుడో వదలిపోయిన కెర్నెలును పట్టుకొని వ్రేలాడుట కాక, లోకమంతయు నేడు వాడుచున్న ప్రధాన కెర్నెలునే పాత యంత్రముపై నడుపుటకు అది ప్రయత్నించును. 2012 నాటి నెక్సస్ 7 వివరములను ఔత్సాహికులు శ్రమపడి ఆ ప్రధాన కెర్నెలులో చేర్పించియున్నారు. జీతము కొరకు చేసిన పని కాదది.

మేము చేసినది చెప్పుదుము. మొదట టాబ్లెట్టులోని ఫోటోలను వేరొకచోటికి ఎత్తి దాచినాము. తాళము తెరచినపుడు లోపలి సమస్తము తుడిచివేయబడును గనుక ఇది మరువరాని మాట. యంత్రము మేల్కొనగనే మొట్టమొదట నడచు చిన్న ప్రోగ్రామును బూట్‌లోడరు అందురు. ఏ వ్యవస్థను లోనికి రానీయవలెనో ఏది రానీయరాదో తీర్పు చెప్పు ద్వారపాలకుడది. నెక్సస్‌లో ఈ ద్వారపాలకుడు మాట వినువాడు. మరియొక లినక్సు కంప్యూటరుకు తగిలించి ఫాస్ట్‌బూట్ అను సాధనముతో ఒక్క ఆజ్ఞ ఇయ్యగనే, నిజముగా తెరువవలెనా యని ఒకసారి అడిగి, తలుపు తీసినది. ఆ తరువాత ఎప్పుడు వెలిగించినను సంస్థ పేరు క్రింద తెరచిన తాళము బొమ్మ ఒకటి కనబడుచున్నది.

అయినను పని ఒక్కనాటిలో ముగియలేదు. ఒకే పేరున అమ్మిన ఈ టాబ్లెట్టులోనే లోపలి అమరిక రెండు విధములని, ఒకటి ఇ1565, మరియొకటి పిఎం269 అని మాకు తరువాత తెలిసినది. ఒకదానికి బదులు మరియొకటి ఎంచుకొని రెండు రాత్రులు నల్లని తెరను చూచుచు కూర్చున్నాము. కంప్యూటరు శాఖలో చదువుచున్న ఒక విద్యార్థిని వచ్చి, "సార్, ముందు లోపల ఏ బోర్డు ఉన్నదో చూచినారా?" అని అడిగినది. చూడలేదు. వ్రాతప్రతిని పరిష్కరించుటకు ముందు అది ఏ శాఖకు చెందిన ప్రతియో తేల్చుకొనవలెనని ఎం.ఏ. తరగతిలో ఏండ్ల తరబడి చెప్పుచున్న మేము ఆ ప్రాథమిక సూత్రమునే మరచినాము. మూడవనాడు ఎక్స్‌ఎఫ్‌సిఇ అను తేలికపాటి డెస్క్‌టాపు తెరపై నిలిచినది.

అప్పుడు మొదట చూచినది అక్షరములనే. కంప్యూటరు తెరపై తెలుగు వత్తు అక్షరము క్రింద చేరవలెనన్నను, ఉర్దూ అక్షరములు ఒకదానిభుజము నొకటి పట్టుకొని కలిసి నడువవలెనన్నను, ఆ అమరికను లెక్కగట్టు ఒక ప్రోగ్రాము కావలెను. నేడు ఆండ్రాయిడులోను, ఫైర్‌ఫాక్స్‌లోను, లినక్సు డెస్క్‌టాపులలోను ఆ పని చేయుచున్నదాని పేరు హర్ఫ్‌బజ్. దాని ప్రధాన రచయిత ఇరాన్‌లో పుట్టి కెనడా చేరిన బెహ్‌దాద్ ఎస్ఫహ్‌బోద్. ఆ పేరు ఇంగ్లీషు మాటవలె వినబడును గాని, అది పారసీకము: హర్ఫ్ అనగా అక్షరము, బాజ్ అనగా తెరచినది. ఓపెన్‌టైప్ అను ఫాంటు పద్ధతి పేరును ఆయన అట్లు తన భాషలోనికి మార్చుకొన్నారు. ఈ సంగతి మా ఉర్దూ శాఖలోని పెద్దలొకరితో చెప్పగా, ఆయన మొదట పతంగ్‌బాజ్ వలె ఇదియు నొక ఆటగాని పేరనుకొని, అక్షరములతో ఆడుకొనువాడా యని మురిసిపోయినారు. ఆ అర్థమును చెడదని మాకు తోచినది. అనంతామాత్యుని పద్యము తెరపై కుదురుగా నిలుచుటకును, మీర్ గజలు నస్తాలీఖ్‌లో ఒరిగి జారుటకును ఒకే పనివాడు క్రిందనుండి మోయుచున్నాడు. మన కళాశాలలో రెండు శాఖలకు గోడ ఒక్కటే అయినను పరిచయము అంతంతమాత్రమే. ఈ పనివానికి మాత్రము ఆ గోడ లేదు.

పాత ఆండ్రాయిడులో తెలుగు సరిగనే కనబడెడిది. ఆ న్యాయము చెప్పవలెను. ఉర్దూ మాత్రము నస్ఖ్ లిపిలో, అరబ్బీ వార్తాపత్రికవలె నిటారుగా కనబడెడిది. చదువుటకు వీలగును. కాని నస్తాలీఖ్‌కు అలవడిన కంటికి అది తన ఇంటిలో తానే అతిథి యైనట్లుండును. ఆ ఫాంటును మార్చుటకు యజమానికి వీలులేదు. వ్యవస్థ భాగము తాళము వెనుక ఉన్నది గదా. ఇప్పుడు నోటో నస్తాలీఖ్ ఉర్దూ అను ఫాంటును తెచ్చి ఉంచినాము. తెలుగునకు సిలికానాంధ్ర పక్షాన వెలువడిన ఉచిత ఫాంట్లలో నుండి మల్లన్నను, గిడుగును ఎంచుకొన్నాము. (ధూర్జటి అను పేర కూడ ఒక ఫాంటు కలదు. ప్రబంధకవులను పూర్తిగా విడిచిపెట్టలేదని సంపాదకవర్గము వారు గమనింతురు గాక.) మా ఉర్దూ మిత్రులు ఆ తెరను చాలసేపు చూచి, "ఇప్పుడు ఇది తఖ్తీ అయినదండీ" అన్నారు. తఖ్తీ యనగా ఉర్దూ బడులలో పూర్వము పిల్లలు మట్టిపూత పూసి, రెల్లుకలముతో వ్రాసి, కడిగి, మరల పూసి వ్రాసికొన్న చెక్కపలక. కడిగి వ్రాయుటకు వీలులేని పలకను ఏ పంతులును ఏ మౌల్వీయును కొనియుండరు.

దోషములను దాచుట మా పద్ధతి కాదు. కెమెరా పనిచేయలేదు. ఒక గిగాబైటు ర్యాముతో నేటి భారీ వెబ్‌సైట్లను తెరచిన, యంత్రము ఆయాసపడును. రెండు పుటలకు మించి ఒకేమారు తెరువరాదు. సినిమాలు చూడవలెనను వారికి ఇది పనికిరాదు. వైఫై భాగమునకు దాని తయారీదారు ఇచ్చిన మూసిన ఫర్మ్‌వేరు ఇప్పటికిని అవసరము. కాబట్టి ఇది నూటికి నూరుపాళ్ళు స్వేచ్ఛ యనలేము. పైగా ఇది ముప్పదిరెండు బిట్ల యంత్రము. సెకండ్లను ముప్పదిరెండు బిట్లలో లెక్కించు పాత పద్ధతి 2038 జనవరి 19న పొంగిపొరలి కాలమును తప్పుగా చెప్పును; ఆల్పైన్ వాడు మూలగ్రంథాలయము మజిల్ 2020లోనే అరువదినాలుగు బిట్ల కాలగణనకు మారినది గనుక ఆ గండము లోపలివారు ముందే గడిపినారు. అప్పటివరకు బ్యాటరీ ఉండునా యన్నది వేరు విషయము. చదువుటకు మాత్రము ఈ పలక చక్కగా సరిపోయినది. కివిక్స్ అను సాధనముతో 2003లో మొదలైన తెలుగు వికీపీడియాను, 2004లో మొదలైన ఉర్దూ వికీపీడియాను బొమ్మలు లేని ప్రతులుగా అందులో నింపినాము. ఇక ఇంటర్నెట్టు లేకున్నను అవి తెరచుకొనును. ఇంటిలో ఒకే ఫోను ఉండి, అదియు అన్న చేతిలోనో తండ్రి జేబులోనో ఉండు ఆడపిల్లలు మన కళాశాలలో ఎందరో అధ్యాపకులందరు ఎరుగుదురు.

ఈ ఉత్సాహముతో కళాశాల బీరువా తెరచినాము. ఒక పథకము క్రింద ఎప్పుడో వచ్చిన టాబ్లెట్లు అందులో పదునాలుగు ఉన్నవి. నెక్సస్ కంటె క్రొత్తవి, ర్యాము రెట్టింపు. సంస్థ పేరు చెప్పము. మూడింటికి బ్యాటరీ ఉబ్బియుండగా వాటిని వెంటనే వేరుచేసినాము. ఉబ్బిన బ్యాటరీకి చార్జి పెట్టరాదు, గ్రుచ్చరాదు, చెత్తలో వేయరాదు. మిగిలిన పదకొండును వెలిగినవి. కాని వాటి బూట్‌లోడరు తెరచుకొనలేదు. సంస్థకు ఉత్తరము వ్రాసినాము. ఆ మోడలుకు సహాయము నిలిపివేసితిమనియు, క్రొత్త మోడళ్ళపై విద్యాసంస్థలకు తగ్గింపు కలదనియు జవాబు వచ్చినది. అందలి లినక్సు కెర్నెలు మూలరచనను లైసెన్సు ప్రకారము పంపుడని రెండవ ఉత్తరము వ్రాసినాము. దానికి జవాబు లేదు. బీరువాలో పదకొండు పలకలు బ్రతికియుండగనే పూడ్చిపెట్టినట్లున్నవి. డబ్బు కట్టినవారము మనము, రశీదు మన కార్యాలయములో ఉన్నది, తాళపుచెవి మాత్రము మరియొకరి జేబులో ఉన్నది.

దీనిని మన పిల్లలకు అర్థమగు మాటలలో చెప్పవలెనన్న వక్ఫ్‌ను తలచుకొనుట మంచిదని మాకు తోచినది. ఒక దాత తన తోటను వక్ఫ్ చేసిన పిమ్మట దానిని అమ్మరాదు, వారసులు పంచుకొనరాదు. దాని ఫలము మాత్రము చెప్పిన కార్యమునకు సాగుచుండవలెను. దాత పెట్టిన షరతు తరువాతివారిని కట్టియుంచును. లినక్సు కెర్నెలు వెలువడిన జీపీఎల్ అను లైసెన్సు సరిగా ఇట్టిదే. ఎవరైనను వాడవచ్చును, మార్చవచ్చును, అమ్మనువచ్చును. కాని అందుకొన్నవానికి మూలరచనను, అదే హక్కులను అందింపక తప్పదు. హర్ఫ్‌బజ్ వంటివాటి లైసెన్సులలో ఇంతటి కట్టుబాటు లేదు. అవి సదఖా వంటివి, చేయి చాచినవానికి ఇచ్చి వెనుదిరిగి చూడని దానములు. తోట పండ్లు పంచిన తరుగును, ప్రోగ్రాము తరుగదు, పోలిక అంతవరకే.

మరి వక్ఫ్ తోటలోని పండు మన ఇంటికి తాళము వేసిన పెట్టెలో ఎట్లు వచ్చినది? ఇక్కడ ఒక సందు కలదు. కెర్నెలు వెలువడినది 1991 నాటి జీపీఎల్ రెండవ ప్రతి క్రింద. అది మూలరచనను ఇమ్మన్నది గాని, మార్చినదానిని అదే యంత్రముపై నడుపుటకు కావలసిన తాళపుచెవిని ఇమ్మని విడమరచి చెప్పలేదు. ఈ సందును పూడ్చుటకే 2007లో మూడవ ప్రతి వచ్చినది. గృహవినియోగ వస్తువులలో వాడినపుడు స్థాపనకు వలసిన సమాచారమును కూడ ఇయ్యవలెనని అందులో వ్రాసినారు. కెర్నెలు రచయితలు మాత్రము రెండవ ప్రతియందే ఉండిపోయినారు. యంత్రపు తాళము యంత్రము చేసినవాని ఇష్టమని టోర్వాల్డ్స్ వాదన. ఆయన పనియెడల మాకు గౌరవము మెండు; ఈ ఒక్క విషయమున ఆయనతో ఏకీభవింపలేము. చూచుటకు హక్కు ఇచ్చి నడుపుటకు హక్కు ఇయ్యకుండుట, అన్నమునకు పిలిచి చేతులు కట్టివేయుట వంటిది.

తాళము దొంగల కొరకని తయారీదారులు అందురు. అది అబద్ధము కాదు. తెరచిన బూట్‌లోడరు ఉన్న టాబ్లెట్టు పోగొట్టుకొన్నచో దొరికినవాడు లోపల ఏమైనను చేయగలడు. అందువలననే మా నెక్సస్‌లో బ్యాంకు వ్యవహారమేదియు ఉంచలేదు. కాని ఇంటికి తాళము ఉండుటను మేము ఆక్షేపించుట లేదు, చెవి ఇంటివానికి ఇమ్మనుచున్నాము. ఇది అసాధ్యము కాదు. గూగుల్ వారి పిక్సెల్ ఫోన్లలో యజమాని తలుపు తెరచి, తనకు నచ్చిన వ్యవస్థను పెట్టి, తన సొంత తాళముతో తిరిగి మూసికొను ఏర్పాటు కలదు.

ప్రభుత్వములు పిల్లల చేతికి టాబ్లెట్లు ఇచ్చుట మనకు క్రొత్త కాదు. 2011 అక్టోబరు 5న ఢిల్లీలో విడుదలైన ఆకాశ్ టాబ్లెట్లు హైదరాబాదులోనే కూర్చబడినవి; అవి ఎంత త్వరగా మరుగుపడినవో చూచినాము. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ప్రారంభించి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎనిమిదవ తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు ఐదు లక్షలకు పైగా టాబ్లెట్లను పంచినది. వాటిలో బైజూస్ పాఠములు నింపినారు. 2024 జూలైలో ఆ సంస్థ దివాలా ప్రక్రియలోనికి పోయినది. ఏ ప్రభుత్వము ఇచ్చినది, ఇచ్చుట మంచిదా కాదా అను చర్చ ఈ పత్రికకు తగదు. పాఠములు అమ్మినవాడు పోయినను, యంత్రము అమ్మినవాడు చేతులు దులుపుకొన్నను, పలక మాత్రము పిల్లవాని చేతిలో పలకగా మిగులునట్లు కొనుగోలు పత్రములో ఒక్క పంక్తి వ్రాయించుకొనరాదా అన్నది మా ప్రశ్న. ఐరోపా కూటమిలో 2025 జూన్ 20 నుండి, అమ్మకము నిలిపిన తరువాత కనీసము ఐదేండ్లు ఫోన్లకు, టాబ్లెట్లకు నవీకరణలు అందుబాటులో ఉండవలెనను నిబంధన అమలులోనికి వచ్చినది. అదియు తాళపుచెవి మాట ఎత్తదు. మనదేశములో 2023 ఏప్రిల్ 1 నుండి అమలైన ఈ-వ్యర్థముల నిబంధనలు వస్తువు వ్యర్థమైన పిమ్మట ఎవరు ఏరుకొనవలెనో చెప్పుచున్నవి. వ్యర్థము కాకమునుపే వ్యర్థమని ముద్రవేయువానిని ఎవరు అడుగవలెను? ఇస్రాఫ్, అనగా దుబారా, నిషిద్ధమని ప్రతి జుమ్మా నాడు వినుచున్న మనము వజూ నీటి వద్ద జాగ్రత్తపడి, పదకొండు మంచి యంత్రములను బీరువాలో కుళ్ళనిచ్చుట ఏమి న్యాయము?

రాబోవు సంవత్సరము కళాశాల మరల టాబ్లెట్లు కొనబోవుచున్నదని విన్నాము. కొనుగోలు సంఘమునకు మేము ఒక లేఖ ఇచ్చినాము. హామీ కాలము ముగిసిన మరునాడు బూట్‌లోడరు తెరచు పద్ధతిని, కెర్నెలు మూలరచనను కళాశాలకు అప్పగింపవలెనని అందులో కోరినాము. ధర కొంత పెరుగునేమో యని ఒక సభ్యుడు సందేహించినారు. అడిగి చూచిన పిమ్మట మాట్లాడుకొందమని ప్రిన్సిపాలుగారు అన్నారు.

ఇంతలో నెక్సస్‌ను గ్రంథాలయములో కిటికీ ప్రక్క బల్లకు చేర్చినాము. ఎవరి ఇంటిలోనైనను పాత టాబ్లెట్టు ఉన్నచో శనివారము మధ్యాహ్నము తీసికొని రావచ్చును. చార్జరు తెచ్చుట మరువవలదు, బ్యాటరీ ఉబ్బినది మాత్రము తేవలదు. మొన్న పోయి చూడగా బి.ఏ. రెండవ సంవత్సరపు అమ్మాయిలిద్దరు దానిముందు కూర్చుండి, ఒకరు తెలుగులోను మరియొకరు ఉర్దూలోను మూసీ వరదలను గురించి చదువుచు, ఏ వికీపీడియాలో ఎక్కువ వ్రాసినారని వాదించుకొనుచున్నారు. కెమెరా ఇంకను పనిచేయుట లేదు.